ఉప్పేసిన ఐసు

జగన్నాధం మాస్టారు మంచి మాస్టారని మా పేటలో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అననివ్వండి. అలా అనేవాళ్ళెవరూ ఆయన దగ్గర హిమానీనదాల పాఠం విన్నవాళ్ళు కారు. నేను విన్నాను. ముందు బెంచీలో కూర్చుని, కళ్ళు తెరుచుకుని మరీ విన్నాను.

మాది కళింగపట్నం పక్కన సముద్రం ఒడ్డు పేట. మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు చేపలకి ఉప్పేసి ఇసకలో ఎండబెడతారు. అరవై ఎనిమిదిలో మా బడి ఎనిమిదో తరగతి దాకానే. ఆపైన చదవాలంటే శ్రీకాకుళం పోవాలి, అక్కడ ఆడపిల్లల హాస్టల్లో సీటు దొరకాలి. ఆ సీటుకి మా బడినుంచి ఒక్క పిల్ల పేరే పంపుతారు. ఆ పేరు మా పిన్ని గున్నమ్మ కూతురిదేనని ఊరంతటికీ తెలుసు. చదువులో దానికి ఎదురు లేదు. సీటు రాకపోతే మర్నాటినుంచి దాని నెత్తిమీద చేపల బుట్ట ఎక్కుతుందనీ అందరికీ తెలుసు.

ఇంట్లో దాని పేరు దాలమ్మ. మాస్టారికి ఆ పేరు గిట్టలేదు. "దాలమ్మా అని పిలిస్తే నాకు చేపల నీచు వాసన వస్తోంది" అని క్లాసంతా నవ్వేట్టు చెప్పి, హాజరుపట్టీలో పద్మకుమారి అని రాసేశారు. అదీ నవ్వింది. ఆ రోజునుంచి ఇంట్లో దాలమ్మా అంటే పలకడం మానేసింది. పిన్నికి ఆ కొత్త పేరు నోరు తిరిగేది కాదు. అయినా కూతురు చెప్పినట్టు పద్మా పద్మా అని నేర్చుకుంది, తప్పు పలికితే కూతురిచేత చీవాట్లు తింది. చిన్నాన్న కూర్మయ్య పారదీపు రేవులో పనికి పోయి వానలకి గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. తల్లికి ఆ గుంటే లోకం.

మాస్టారు అంతకుముందు వేసవిలో వాల్తేరు వెళ్ళి సైన్సు శిక్షణ పొంది వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి ఒకటే పిచ్చి. పుస్తకం చదివి చెబితే పాఠం కాదట, పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకోవాలట. మంచిదే, ఎవరు కాదన్నారు? హిమానీనదాల పాఠం వచ్చినప్పుడు మమ్మల్ని అందర్నీ ఇంటిదగ్గర్నుంచి గిన్నెడు చోడి అంబలి తెమ్మన్నారు. పల్చగా ఉంటే పనికిరాదు, గట్టిగా ఉండాలన్నారు. మా మధ్యాహ్నం తిండి అదే. ఇంకో గిన్నె ఇచ్చే స్తోమత ఎవరి ఇంట్లో ఉంది?

అందరి అంబలీ ఒక బల్లమీద పోయించారు. దాంట్లో ఇసకా గులకరాళ్ళూ కలిపించారు. బల్లని ఒక పక్క ఎత్తి పట్టించి, అంబలికి అడ్డంగా అగ్గిపుల్లలు వరసగా గుచ్చించారు. అంబలి నెమ్మదిగా కిందికి జారింది. మధ్యలో ఉన్న పుల్లలు ముందుకు పోయాయి, అంచుల్లోవి వెనకబడ్డాయి. "ఇదే హిమానీనదం. కొండలమీద మంచు పేరుకుని, తన బరువుకి తనే ఇలా జారుతుంది. దారిలో రాళ్ళని ఊడబెరికి మోసుకుపోతుంది" అని చెప్పారు. మేము బల్లమీద మా తిండిని చూస్తూ కూర్చున్నాం. నా పక్క పిల్ల వేలితో కాస్త అంబలి తీసి నోట్లో పెట్టుకుని ఇసక ఉమ్మేసింది. "ఏమే, హిమానీనదాన్ని మింగేస్తావా?" అని మాస్టారు ఆ పిల్ల చెవి మెలిపెట్టారు.

పద్మకి ఆకలే లేదు. అంచుల్లో పుల్లలు ఎందుకు వెనకబడ్డాయని మాస్టారు అడగగానే, ఒడ్డు రాపిడి వల్ల అండి, అని ఠక్కున చెప్పింది. మాస్టారి ముఖం వెలిగిపోయింది. ఆ రోజునుంచి ఆయన పాఠాలన్నీ దానికోసమే చెప్పేవారు, మేమంతా బెంచీలకింద లెక్క. హిమాలయాలెక్కేవాళ్ళ సంగతులు చెప్పారు. ఆ చలికి వాళ్ళ వేళ్ళు ముందు మంటెక్కి, తరవాత తెల్లబడి, ఆఖరికి నల్లబడి రాలిపోతాయని చెప్పారు. మేము మా వేళ్ళు ఒళ్ళో దాచుకున్నాం. పద్మ ఆ మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టింది.

ఫాల్గుణంలో తనిఖీకి పెద్దాయన వస్తున్నట్టు కబురొచ్చింది. పేరు నరసింగరావు గారు. బడి చూసిపోవడమే కాక, హాస్టలు సీటుకి పంపే పేరుమీద సంతకం పెట్టేది కూడా ఆయనే. జగన్నాధం మాస్టారికి కాలు నిలవలేదు. ఈసారి అంబలి కాదు, అసలైన మంచు చూపించాలన్నారు. మంచు దిమ్మని రెండు బల్లలమీద పెట్టి, దానిమీదుగా సన్న తీగ వేసి, తీగ రెండు కొసలకీ వలకి కట్టే సీసం గుళ్ళు వేలాడదీస్తారట. తీగ దిమ్మని కోసుకుంటూ కిందికి దిగిపోతుందట, వెనకాల మంచు మళ్ళీ అతుక్కుపోతుందట. దిమ్మ మాత్రం చెక్కుచెదరదట. హిమానీనదం అడ్డొచ్చిన బండని దాటేది ఇలాగేనట. ఆ ప్రయోగం పద్మ చేసి చూపించాలి, పద్మే వివరించాలి. పెద్దాయన మెచ్చుకుంటే సీటు దాని కొంగున కట్టినట్టే.

మా పేటలో ఐసు ఎక్కడిది? కరెంటే లేదు. రొయ్యల కోసం విశాఖపట్నంనుంచి సావుకారు లారీ వచ్చేది, దాంట్లో ఊక మధ్య ఐసు దిమ్మలుండేవి. వాటిని మగాళ్ళే దించేవారు, మగాళ్ళే రొయ్యలమీద పేర్చేవారు, లారీ వెళ్ళిపోయేది. ఎండుచేపల ఆడవాళ్ళకి ఐసుతో పనే లేదు. ముట్టుకున్నవాళ్ళు కూడా లేరు. మాస్టారు సావుకారుని బతిమాలి ఒక దిమ్మ తెప్పించుకున్నారు. అది తనిఖీ ముందురోజు పొద్దువాలే వేళకి దిగింది. బడికి తలుపు లేదు. మాస్టారింటికి తీసుకుపోతే ఆయన భార్య గుమ్మంలోనే ఆపేసింది. చేపల లారీలో వచ్చినది మడి ఇంట్లోకి రాదంది. దాంతో ఆ గోనెమూట తిన్నగా మా పిన్ని గుడిసెకి వచ్చింది.

"ఏమే గున్నమ్మా, రాత్రికి ఇది నీ దగ్గరుంచు. రేపు పొద్దున్న బడికి పట్టుకురా" అన్నారు మాస్టారు.

"అలగే బాబూ. దీన్నేటి సెయ్యాల?"

"నీకు చెప్పినా అర్థం కాదు. పాడవకుండా చూడు, అంతే. పాడుచేశావో, నీ కూతురి సీటు సంగతి మరిచిపో."

అలా అని ఆయన పద్మని వెంటబెట్టుకుని వెళ్ళిపోయారు, తన అరుగుమీద కూర్చోబెట్టి మర్నాటి ఉపన్యాసం అప్పజెప్పించుకోవడానికి. ఆ మనిషి ఇంకో రెండు మాటలు చెప్పి ఉంటే ఏం పోయేది? మూట విప్పకు, నీడన పెట్టు, అని చెబితే అర్థం కాకపోవడానికి మా పిన్నేం రాయా?

పిన్ని ఆ మూటని గుడిసెలో చల్లటి మూల పెట్టి, దాని ఎదురుగా కూర్చుంది. కాసేపటికి గోనెకింద నేల తడిసింది. పిన్ని ఒక్క ఉదుటున లేచింది. మా అమ్మ అసిరమ్మని కేకేసింది. అమ్మతో నేనూ వెళ్ళాను.

"అప్పా, సూడే, నీరొదిలేత్తన్నాది. పాడయిపోతన్నాదేటే?"

అమ్మ గోనె తడిమి చూసింది. "నీరొదిల్తే మరి ఉప్పు పడాల గదే. ఇంకా సూత్తావేటి, బేగి ఎయ్యి."

మా పేటలో పుట్టినవాళ్ళకి ఇంకో ఆలోచన రాదు. చేప నీరు వదిలితే ఉప్పు, చింతకాయ నీరు వదిలితే ఉప్పు. నీరు కారిందంటే సరుకు చెడుతోందని, ఉప్పు పడిందంటే నిలుస్తుందని మాకు ఉగ్గుపాలతో వచ్చిన చదువు. పిన్ని చేపలకి వేసే మట్టి ఉప్పు కూడా వెయ్యలేదు. కూరలోకని కుండలో దాచుకున్న తెల్ల రాళ్ళుప్పు తీసింది. ఊక పక్కకి నెట్టి, దిమ్మ నాలుగు వైపులా ఉప్పు దట్టించి రుద్దింది. దిమ్మ చిటపటమని చప్పుడు చేసింది. ఉప్పు పడుతోందని ఇద్దరూ సంతోషించారు. మళ్ళీ ఊక కప్పి, గోనె బిగించి కట్టేశారు. పద్మ ఇంటికొచ్చి గోనెమీద చెయ్యి వేసి చూసుకుంది. చల్లగా ఉంది. హాయిగా పడుకుంది.

పొద్దున్నే పిన్ని తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, మూట నెత్తిన పెట్టుకుని బడికి బయల్దేరింది. మెడమీదుగా నీళ్ళు కారుతున్నాయి. నిన్నటికంటే మూట చాలా తేలిగ్గా ఉందని నేనన్నాను. "నీరు పోయి గట్టిపడితే సరుకు తేలికపడదేటే తవిటీ? ఎండు సేప సూడ్నేదా?" అంది నాతో. ఎంత ధీమాగా అందో.

నరసింగరావు గారు జీపులో వచ్చారు. దండ వేశారు, కొబ్బరినీళ్ళిచ్చారు. బల్లలు సిద్ధంగా ఉన్నాయి, తీగా సీసం గుళ్ళూ సిద్ధంగా ఉన్నాయి. పద్మ నూనె రాసి దువ్విన జడతో, చేతులు కట్టుకుని నిలబడింది. పిన్ని గుమ్మం బయట గోడకి ఆనుకుని కూతుర్నే చూస్తోంది. "ఇప్పుడు మన ముందుకి హిమాలయాలే వస్తున్నాయి" అని మాస్టారు చేయి ఊపుతూ మూట విప్పారు. లోపల తడిసిన ఊక ముద్ద, ఆ ముద్దలో చిల్లులు పడ్డ ఐసు ముక్కలు. దిమ్మ లేదు.

మాస్టారు ఊకలో చేతులు పెట్టి కెలికారు. వేలు నాలికకి తగిలించుకున్నారు. ఆయన ముఖం మాడిపోయింది. "ఉప్పు" అన్నారు. గుమ్మంలోంచి పిన్ని తల లోపలికి పెట్టి, "నానే ఏసినాను బాబూ. నీరొదిలేత్తంటే మంచి ఉప్పే దట్టించినాను" అంది. మెచ్చుకుంటారనుకుంది పిచ్చిది.

నరసింగరావు గారు నవ్వడం మొదలుపెట్టారు. కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి మిగతా మాస్టర్లు నవ్వారు, వాళ్ళు నవ్వారు కాబట్టి క్లాసంతా నవ్వింది. పిన్ని కూడా ఏదో మంచి జరిగిందనుకుని నవ్వింది. నవ్వనిది జగన్నాధం మాస్టారొక్కరే. ఆయన పరువు బల్లమీద నీళ్ళై కారిపోతోంది. "చూశారుగా అండీ, వీళ్ళ తెలివి. ఈ తల్లి కూతురికే నేను సీటు అడుగుదామనుకున్నాను. ఆ పేరు కొట్టేద్దాం. ఈ ఏటికి మా బడినుంచి ఎవరూ వద్దు" అనేశారు.

అంతే. ఏడాదంతా నెత్తిన పెట్టుకున్న పిల్లని ఒక్క మాటతో కింద పడేశారు. పిన్నికి నవ్వు ఆగిపోయింది. పేరు కొట్టేద్దాం అన్నది మాత్రం ఆవిడకి బాగానే అర్థమైంది. లోపలికొచ్చి మాస్టారి కాళ్ళమీద పడింది. "నా కర్మ బాబూ, నాకు తెలక సేసినాను, దాన్నేటనకండి" అని ఏడ్చింది. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

అప్పుడు పద్మ నోరు విప్పింది. "సార్, మా అమ్మ చదువు లేని మనిషి. తప్పు చేసింది. ఆ తప్పుతోనే నేను పాఠం చెప్పగలను. నాకొక్క అవకాశం ఇవ్వండి" అంది. తల్లి వైపు చూడలేదు. నరసింగరావు గారికి సరదా పుట్టింది. చెప్పమన్నారు.

అది మిగిలిన ఐసు ముక్కలన్నీ ఏరి సత్తు బేసిన్లో వేయించింది. ఇంకా ఉప్పు కావాలంది. పిన్ని కళ్ళు తుడుచుకుని, ఇంటికి పరిగెత్తి, కుండలో మిగిలిన ఉప్పంతా ఒడిలో పోసుకుని తెచ్చింది. ఐసూ ఉప్పూ కలిపి, పద్మ దాంట్లో థర్మామీటరు పెట్టింది. పాదరసం సున్నా దాటి ఇంకా కిందికి దిగిపోయింది. "మంచు సున్నా దగ్గరే కరగాలని లేదండీ. దానిమీద బరువు పడినా కరుగుతుంది, ఉప్పు కలిసినా కరుగుతుంది. ఇక్కడ ఉప్పు చేసిన పని హిమానీనదం అడుగున బరువు చేస్తుంది. అంత చలిలోనూ అడుగున తడి ఉండేది అందుకే. ఆ తడిమీదే అది జారుతుంది" అని గడగడా చెప్పింది. ఆ మాట నిజం చెప్పాలంటే గొప్ప మాటే. మాస్టారికే తట్టలేదు.

నరసింగరావు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "బాగుంది. థర్మామీటరు నువ్వూ నేనూ చూశాం, మరి వెనక బెంచీలవాళ్ళకి ఆ చలి ఎలా తెలుస్తుంది? పిల్లలచేత చెయ్యి పెట్టించండి" అన్నారు. ముందు బెంచీవాళ్ళం వరసగా వెళ్ళాం. చెయ్యి పెట్టగానే నిప్పులో పెట్టినట్టయింది. పెట్టిన చెయ్యి పెట్టినట్టే లాక్కున్నాం. పద్మ కూడా పెట్టింది, పళ్ళు బిగించింది, అయినా ఆగలేక తీసేసింది. అందరూ మళ్ళీ నవ్వారు. "ఇలా లాభం లేదు. ఎవరైనా కాసేపు ఉంచి చూపించాలి" అన్నారు పెద్దాయన.

"ఉప్పేసినావిడ ఉందిగా అండీ" అన్నారు జగన్నాధం మాస్టారు.

పిన్నిని బల్ల దగ్గరికి తీసుకొచ్చారు. కుడిచెయ్యి మణికట్టు దాకా ఆ బేసిన్లో పెట్టించారు. మాస్టారు ఆవిడ చెవి దగ్గర వంగి, "నేను చెప్పేదాకా తీయకు. తీశావంటే సీటు లేదు" అన్నారు. మెల్లగానే అన్నారు గానీ ముందు బెంచీలో ఉన్న నాకు వినిపించింది. పద్మ నాకంటే దగ్గరగా ఉంది.

మొదట పిన్ని ముఖం వంకర్లు పోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాళ్ళు ఒకదానిమీద ఒకటి వేసి తొక్కుకుంది. చెయ్యి మాత్రం తీయలేదు. పద్మ పాఠం మొదలుపెట్టింది. హిమానీనదం ఎక్కడ పుడుతుంది, ఎలా కదులుతుంది, కొండని ఎలా అరగదీస్తుంది, అన్నీ చెబుతోంది. పెద్దాయనకి ముచ్చటేసి ఒకటి తరవాత ఒకటి ప్రశ్నలు వేస్తున్నారు. ప్రతి ప్రశ్నకీ అది జవాబు చెప్పి, ఆయన అడగనిది కూడా ఇంకాస్త కలిపి చెబుతోంది. తొందరగా ముగిద్దామని లేదు. అంత మెప్పు దానికి ఎప్పుడు దొరికింది గనక?

కొంతసేపటికి పిన్ని ముఖం తేటపడింది. కాళ్ళు కదపడం మానేసింది. "ఇప్పుడు నొప్పేటీ నేదు బాబూ" అంది. "చూశారా, మనిషి దేనికైనా అలవాటు పడుతుంది" అన్నారు నరసింగరావు గారు. అని, పద్మ వైపు తిరిగి, "సరే, ఇది చెప్పు. హిమానీనదాలమీద నడిచేవాళ్ళ చేతులకి ఇలాంటి చలి తగిలితే ఏమవుతుంది?" అన్నారు.

పద్మ చూపు బేసిన్ మీదికి పోయింది. పోవడం నేను చూశాను. ఆ మీదట అది తిన్నగా నిలబడి జవాబు చెప్పింది. "మొదట విపరీతమైన మంట పుడుతుందండీ. తరవాత చర్మం తెల్లబడుతుంది. ఆ తరవాత నొప్పి తెలియకుండా పోతుంది. నొప్పి పోవడమే ప్రమాద చిహ్నం. వెంటనే వెచ్చబరచకపోతే కణజాలం మరణించి, వేళ్ళు నల్లబడి, తొలగించవలసి వస్తుంది" అంది. ఒక్క మాట తడబడలేదు. పుస్తకంలో భాష, పిన్నికి ముక్క అర్థం కాలేదు. కూతురు పెద్దవాళ్ళముందు అంత బాగా మాట్లాడుతుంటే మురిసిపోతూ వింటోంది.

నేను లేచి నిలబడ్డాను. "సార్, పిన్ని చెయ్యి తీయించండి" అన్నాను. "నువ్వెవర్తివే మధ్యలో? కూర్చో" అని మాస్టారు బెత్తం చూపించారు. నేను కూర్చోలేదు. పద్మ నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. తన పళ్ళెంలో కూడు నేను లాక్కుంటున్నట్టు చూసింది. పిన్నే నన్ను కసిరింది. "ఊరుకోవే తవిటీ. నాకేటవనేదు. దాన్ని సెప్పనీ" అంది.

చెప్పింది. నదులు ఎలా పుడతాయో కూడా చెప్పి, నమస్కారం పెట్టి ముగించింది. పెద్దాయన చప్పట్లు కొట్టారు. మాస్టారు అప్పుడు గుర్తొచ్చి, ఇక తీయమన్నారు. పిన్ని చెయ్యి అరటి దవ్వలా తెల్లగా పైకొచ్చింది. వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఆ చేత్తోనే ఆవిడ పెద్దాయనకి దండం పెట్టింది. "మరి మా గుంట సీటు బాబూ?" అంది.

"నీ కూతురు రత్నం. ఇదే ప్రయోగం వచ్చే నెల శ్రీకాకుళం సైన్సు ప్రదర్శనలో చూపించాలి. అక్కడ పెద్దల ముందు సంతకం పెడతాను. నువ్వూ రావాలి సుమా, నువ్వు లేకపోతే రక్తి కట్టదు" అన్నారాయన. జీపెక్కి వెళ్ళిపోయారు. జగన్నాధం మాస్టారు పద్మ తలమీద చెయ్యి వేసి నిమిరారు.

ఇంటికొచ్చాక అసలు నొప్పి మొదలైంది. పిన్ని పొయ్యి దగ్గర కూర్చుని ఆ చెయ్యి నిప్పులమీద పెట్టుకుంది. వేడి తెలియక చర్మం కాలింది. సందెవేళకి బొబ్బలెక్కింది. అమ్మ పసుపూ నూనే రాసింది. ఎవరో ఆకు పసరు పోశారు. కళింగపట్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే సూది వేసి పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. పోతే ప్రదర్శన రోజుకి తిరిగి రానివ్వరేమోనని పిన్ని పోనంది. చిటికెనవేలూ దాని పక్క వేలూ నల్లబడ్డాయి. మిగతావి కొయ్యలా బిగుసుకుపోయాయి. చేప పట్టుకోలేదు, కత్తిపీట ముందు కూర్చోలేదు, ముద్ద కలుపుకోలేదు. అమ్మే తినిపించేది. పద్మ బడినుంచి రాగానే మాస్టారి అరుగుకి పోయేది. ప్రదర్శనకి ఉపన్యాసం పెంచారట, కొత్తగా రెండు పటాలు కూడా గీయిస్తున్నారట. రాత్రిళ్ళు పిన్ని మూలుగుతుంటే చదువు సాగడం లేదని మా ఇంట్లో పడుకునేది. నేను దానితో మాట్లాడటం మానేశాను. దానికి ఆ సంగతి తెలిసిందో లేదో కూడా నాకు తెలియదు.

ప్రదర్శనకి ఇంకా నాలుగైదు రోజులుందనగా ఒక పొద్దున్న జగన్నాధం మాస్టారు పద్మని వెంటబెట్టుకుని పిన్ని గుడిసెకి వచ్చారు. లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డారు. అమ్మ పిన్ని చేతికి కట్టిన గుడ్డ విప్పి చూపించింది. చూసి సిగ్గుతో చస్తాడనుకుంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను. ఆయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఇది సభలో చూపించడానికి వీల్లేదు. జనం జడుసుకుంటారు" అన్నారు. "ఇప్పుడేం చెయ్యాలి? నరసింగరావు గారు ఈవిడే కావాలన్నారు. తల్లీకూతుళ్ళ ప్రయోగం అని పేరు కూడా పెట్టేశారు. ఈవిడ రాకపోతే సంతకం పెడతారన్న నమ్మకం నాకు లేదు."

పిన్ని నవ్వింది. "దీనికింత ఆలోసనేటి బాబూ. కుడి సెయ్యి కొంగులో దాసేసుకుంటాను. ఎడం సెయ్యున్నాది గదా."

"నీకు మతి పోనాదేటే గున్నా? ఉన్నదీ పోగొట్టుకుంటావేటి? రేపు నీకు నోట్లో ముద్దెవులెడతారు?" అంది అమ్మ. ఆ గొంతులో ఏడుపూ కోపమూ కలిసిపోయాయి. మాస్టారు ఆ మాటలు విననట్టు ఆకాశం వైపు చూశారు. నేను పద్మ ముఖం వైపు చూశాను. అది తల్లి నల్ల వేళ్ళనే చూస్తోంది. ఆ వేళ్ళకి ఏమైందో, ఎందుకైందో, ఇంకో చేతికి ఏమవుతుందో ఆ గుమ్మంలో ఉన్నవాళ్ళందరిలోకీ బాగా తెలిసినది అది. ఇప్పుడు వద్దంటుంది, ఎంతైనా కన్నతల్లి కదా, తప్పకుండా వద్దంటుంది అనుకున్నాను.

మాస్టారు దానివైపే తిరిగారు. "ఈసారి ఉపన్యాసం పొడుగు. ముగిసేదాకా ఈవిడ చెయ్యి ఉంచగలదా?" అని అడిగారు. పిన్నిని అడగలేదు, పద్మని అడిగారు.

పద్మ తల ఎత్తింది. "ఉంచుతాది మాస్టారూ" అంది. "మా అమ్మ ఉంచుతాది."

కూతురు తనని అంతగా నమ్మిందని పిన్ని ఎంత మురిసిపోయిందో, మాకందరికీ ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది.